తెల్ల పెట్టె చీటీ

కార్తీక బహుళ చవితి

ఎక్కించేవాడు ఏ రోజు పని ఆ రోజే తన చేత్తో రాయాలని ఈ గట్టు మీద నియమం. తరవాత వచ్చేవాడి కోసం. నాకు రాయడం పెద్దగా రాదు. తెలుగు కూడబలుక్కుంటాను. ఇంగ్లీషు అక్షరాలు ఆకారాలుగా తెలుసు, అంతే. అయినా ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఈ గట్టు మీద ప్రతి కంప్యూటరు పెట్టెకీ లెక్క ప్రోగ్రాము ఎక్కించింది నేనే. నా పేరు నాంచారయ్య. వయసు డెబ్బై నాలుగు.

ఈ పొద్దున తెల్ల పెట్టె చచ్చిపోయింది. మూత తీసి చూస్తే లోపలి పలక మీద ఉప్పు పూసి ఉంది. వేలితో తాకితే పెచ్చులు రాలాయి. ఇక అది లేవదు.

పోటుకి నీళ్ళు ఎన్ని అడుగులు లేస్తాయో ఆ లెక్క మూడు పెట్టెల మీద వేస్తాం. నీలిది, నల్లది, తెల్లది. తెర రంగుని బట్టి పేర్లు. మూడూ మూడు జాతులు. ఒకదానికి ఎక్కించినట్టు ఇంకోదానికి ఎక్కదు. ఒక్కో దాని జవాబు ఒక్కో చీటీ మీద రాసి ప్రెసిడెంటు మాణిక్యమ్మకి ఇస్తాం. మూడు చీటీలూ తొమ్మిది అడుగులు దాటి, అర అడుగు తేడాలో కలిస్తే సైరన్ మోగుతుంది. అప్పుడు పల్లపాలెం వాళ్ళు పడవలెక్కి గట్టు మీదకి రావాలి. అరవై రెండు ఇళ్ళు. వాళ్ళ కట్ట ఎత్తు తొమ్మిది అడుగులు.

అమావాస్యకి పదకొండు రోజులుంది. సముద్రంలో వాయుగుండం పుట్టిందని గాలి దిక్కు చూసే గాలికొయ్య దగ్గర వాళ్ళు చెప్పారు. కొట్లో ఇంకో తెల్ల పెట్టె ఉంది. ఎవరూ వాడనిది. అది తీయాలి.

పంచమి

తీశాను. అట్టపెట్టెలో బొద్దింక గుడ్లు. బ్రష్షుతో దులిపి, స్పిరిట్‌తో తుడిచి, ఎండలో రెండు గంటలు పెట్టి తీగ తగిలించాను. ఏదో పాట వాయించి తెల్లగా వెలిగింది. దేశం ఏదని అడిగింది. పెద్ద జాబితా చూపించింది. ఒకటి నొక్కాను. ఏదైతేనేం.

పెన్‌డ్రైవ్‌లు బియ్యం డబ్బాలో ఉంటాయి, చెమ్మ తగలకుండా. నీలిదానికి నీలి దారం, నల్లదానికి నల్ల దారం, తెల్లదానికి తెల్ల దారం. తెల్ల దారం డ్రైవ్ పెట్టి మొదటి ఫైలు నొక్కాను. బొమ్మ ఎగిరి కిందపడి, ఎర్రగీత వచ్చింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ ఎర్రగీత.

సప్తమి

నిన్న రాయలేదు. రాయడానికి ఏమీ జరగలేదు.

నీలి పెట్టె సంగతి తేలిక. అది అడిగే ప్రతిదానికీ ఔనంటూ పోవాలి. మూడో పేజీలో చిన్న గడి ఉంటుంది. దాంట్లో టిక్కు పెట్టకపోతే ఎక్కినట్టే కనపడుతుంది గానీ పిలిస్తే పలకదు. ఫోల్డరు పేరు మధ్యలో ఖాళీ ఉండకూడదు. ఉంటే సగం పేరే చదివి, అలాంటిది లేదంటుంది.

నల్ల పెట్టెకి బొమ్మలుండవు. అన్నీ టైపు కొట్టాలి. నేను కొట్టేవి నూట పద్నాలుగు వరసలు. చదవను. చెయ్యి గుర్తుపెట్టుకుంటుంది. ఒకటి ఎక్కాలంటే ఇంకోటి ముందు ఎక్కి ఉండాలి, అది ఎక్కాలంటే ఇంకోటి. అన్నీ పాత వెర్షన్లే కావాలి. కొత్తది పడితే పాతదాన్ని చెప్పకుండా తీసేస్తుంది.

తెల్లదాని దగ్గర నాకు అంత చనువు లేదు. పాతదానికి ఎక్కించింది నేను కాదు, ఇస్సాకు. పైన ప్రతి పెట్టెకీ నేనే ఎక్కించానని రాశాను. అది తప్పు. కొట్టేయను, అలాగే ఉండనీ.

నవమి

ఫర్జానా వచ్చింది. లెక్క రాసే మనిషి. ముప్ఫై ఏళ్ళుంటాయి. ఆమె రాసింది ఎక్కించడం నా పని. ఎర్రగీతని కాసేపు చూసి, పెన్‌డ్రైవ్ ఒకటి నా ముందు పెట్టింది.

"ఇది సంచి తాతా. లెక్కకి కావలసినవన్నీ ఇందులో కట్టేశా. ఏ పెట్టెలో పెట్టినా పనిచేస్తది. రెండు గంటల్లో ఎక్కుద్ది. నువ్వు అయిదు రోజులుగా చస్తన్నావు."

"సంచి లోపల ఉండేది ఏ పెట్టె?"

"లోపల నల్లదే. బయట ఏదైనా ఒకటే."

"అయితే నల్ల పెట్టె చీటీ రెండుసార్లు రాసిమ్మంటావా?"

"అదేం మాట తాతా!"

"ముగ్గురు సాక్షుల్ని తెమ్మంటే, ఒకణ్ణే చొక్కా మార్చి రెండోసారి తెస్తానంటన్నావు. నల్లదాంట్లో తప్పుంటే ఆ తప్పు సంచిలో కూర్చుని దీంట్లోకీ వస్తది."

"తప్పు లేదు. రాసింది నేను."

"ఎక్కించింది నేను. నాకూ అట్టాగే అనిపిస్తది."

ఆమె పెన్‌డ్రైవ్ తీసుకోకుండానే లేచింది. గుమ్మం దగ్గర ఆగి, "ఇస్సాకు తాతని అడగొచ్చుగా" అంది. నేను మళ్ళీ ఫైలు నొక్కాను.

దశమి

ఇస్సాకు పల్లపాలెంలో ఉంటాడు. నాకంటే మూడేళ్ళు పెద్ద. ఈ పని నేర్పింది వాడే. ఎనిమిదేళ్ళ కింద పెద్ద ఎక్కింపుదారుణ్ణి ఎన్నుకునే రోజున పంచాయతీలో నిలబడి, "నాంచారయ్యకి అక్షరం రాదు, ఆకారాలు బట్టీ పట్టాడు, కొత్త ఆకారం వస్తే ఏం చేస్తాడు" అన్నాడు. నిజమే. అయినా పదవి నాకే వచ్చింది, వాడి కళ్ళకి పొరలు కమ్మాయి గనక. అప్పటినుంచి మాటల్లేవు.

పడవలో గంట పట్టింది. వాడి పక్కింటి కోటేశ్వరి ఉప్పు కుప్పల మీద తాటాకులు కప్పుతోంది. వాడికి ఇంత ముద్ద పెట్టేది ఆమే.

"ఏం బాబాయ్, దారి తప్పావా?"

"ఇస్సాకుతో పనుంది."

"చీటీలు కలిసినయ్యా?"

"తెల్లది ఇంకా ఎక్కలేదు."

"కలిసినప్పుడు చూద్దాంలే" అని పని చూసుకుంది. తొమ్మిదేళ్ళ కింద ఒక్క పెట్టే ఉండేది. అది పదకొండడుగులంటే ఈ ఊరంతటినీ వానలో గట్టు మీదకి తీసుకొచ్చాం. నీళ్ళు అయిదడుగులు కూడా రాలేదు. మూడు రోజులు తడిసి ఇద్దరు ముసలాళ్ళు పోయారు. ఒకరు కోటేశ్వరి అత్త. ఆ పెట్టెకి ఎక్కించింది మాత్రం నేనే. మూడు పెట్టెల నియమం అప్పుడే ఇస్సాకు రాయించాడు.

వాడు మంచం మీద కూర్చుని ఉన్నాడు. కాళ్ళు దుంగల్లా ఉబ్బాయి.

"ఎవరూ?"

"నేను."

"నేనంటే?"

"నాంచారయ్యని."

"అక్షరాలు నేర్చావా?"

"లేదు."

"మరెందుకొచ్చావు?"

"కొత్త తెల్ల పెట్టె. ఎర్రగీత వస్తంది."

వాడు నవ్వాడు. పళ్ళు లేవు. "బొమ్మ ఎగిరి కిందపడతందా?"

"ఆ."

"అది ప్రతి ఫైలు మీదా కంపెనీ సంతకం చూస్తది. సంతకానికి గడువుంటది. గడువు దాటి యాభై ఏళ్ళయింది. కంపెనీ వాళ్ళ ఊరే నీళ్ళలో ఉంది, కొత్త సంతకం ఎవరు పెడతారు? అందుకని పెట్టెని నమ్మించాలి. గడియారం వెనక్కి తిప్పు. సంతకం బతికున్న రోజుకి. రెండువేల నలభై ఏడు, జూన్ పన్నెండు. అంకెలన్నా వచ్చుగా నీకు?"

"వచ్చు."

"అప్పుడు ఎక్కించు. గమ్మున ఎక్కుద్ది. ఎక్కినాక ఇంకో పని..."

"తెలుసులే."

"ఏంది తెలిసింది?"

"ముప్ఫై ఎనిమిదేళ్ళు చేశా. మిగిలింది నువ్వు చెప్పాలా?"

లేచి వచ్చేశాను. ఎక్కాక చెత్త ఫైళ్ళు తుడవాలి. అదేగా చెప్పబోయేది అనుకున్నాను. వాడు నన్ను కూర్చోమని అనలేదు. నేనూ వస్తానని చెప్పలేదు.

ఏకాదశి

గడియారం తిప్పాను. మొదటి ఫైలు ఎర్రగీత లేకుండా ఎక్కింది. తరవాత రాసిన లెక్కని పెట్టె భాషలోకి కూర్చే పనిముట్టు, తరవాత అంకెల లైబ్రరీ, తరవాత చంద్రుడి పట్టికలు, ఆఖర్న ఫర్జానా లెక్క. రెండు లైబ్రరీలు ఒకదాన్ని ఒకటి తోసుకున్నాయి. పాత వెర్షన్ పెడితే సర్దుకున్నాయి. చెత్త ఫైళ్ళు తుడిచాను. పరీక్షలు పెట్టాను. నలభైకి నలభై నెగ్గింది.

మధ్యాహ్నం పన్నెండుకి మూడు పెట్టెల మీదా లెక్క మొదలుపెట్టాం. మొదలైతే మేడ మీద ఎర్రగుడ్డ కడతాం, అయిపోతే దింపుతాం. పల్లపాలెం దాకా కనపడుతుంది. లెక్కకి పందొమ్మిది గంటలు పడుతుంది. ఆ సంగతి ఎక్కించేవాళ్ళకి, రాసేవాళ్ళకి తప్ప ఎవరికీ పట్టదు.

మాగాయతో అన్నం తిన్నాను.

ద్వాదశి

పొద్దున ఏడింటికి గుడ్డ దింపారు. పంచాయతీ గదిలో జనం నిండిపోయారు. మాణిక్యమ్మ చీటీలు విప్పి చదివింది.

"నీలిది పదిన్నర. నల్లది పది అడుగుల నాలుగంగుళాలు. తెల్లది..." మళ్ళీ చూసింది. "తెల్లది ఏడు."

గోల మొదలైంది. ఫర్జానా లేచింది. "తెల్లదాంట్లో ఏదో తేడా ఉంది ప్రెసిడెంటు గారూ. రెండు పెట్టెలు ఇంత దగ్గరగా వచ్చినప్పుడు..."

"ఏం తేడా?" అన్నాను.

"తెలీదు తాతా. ఎక్కించడంలో ఏమన్నా..."

"నలభైకి నలభై పరీక్షలు నెగ్గిన పెట్టె అది. నా చేత్తో ఎక్కించా. దాన్ని తప్పనేవాడు ముందుకి రావాలి."

ఎవరూ రాలేదు. మాణిక్యమ్మ నావైపు చూసింది. "తొమ్మిదేళ్ళ కింద సైరన్ మోగించిన పెట్టె కూడా నీ చేత్తో ఎక్కించిందేగా నాంచారయ్యా?"

"అవును. అందుకే చెప్తన్నా. ఈసారి తప్పు లేదు."

ఆమె మూడు చీటీలూ మడిచి చీటీల డబ్బాలో వేసింది. కలవలేదు గనక సైరన్ లేదు. పల్లపాలెం నుంచి వచ్చిన ఇద్దరు మగవాళ్ళు పడవెక్కి వెళ్ళిపోయారు, సగం కప్పిన ఉప్పు చూసుకోవాలని. ఫర్జానా నాతో మాట్లాడకుండా వెళ్ళింది.

త్రయోదశి

తూర్పు గాలి. నీలి పెట్టె ఫ్యాన్‌లో దూది పేరుకుంటే తీశాను. మా ఇంటిది పోయి నిన్నటికి ఏడాది. ఆ సంగతి ఈరోజు గుర్తొచ్చింది. పోయిన రోజున కూడా నేను నల్ల పెట్టె ముందే ఉన్నాను. సగంలో లేస్తే మళ్ళీ మొదటినుంచి కొట్టాల్సి వచ్చేది. నూట పద్నాలుగూ కొట్టి ఇంటికెళ్ళాను.

చతుర్దశి

ఇది మర్నాడు రాస్తున్నాను, నిన్నటి తారీఖు కింద. రాయడానికి నిన్న చేతులు ఖాళీగా లేవు.

మధ్యాహ్నం మూడు కావస్తుండగా జవాబుల ఫైళ్ళు దాచిపెట్టడానికి కూర్చున్నాను. కొత్తది పైన ఉంటుంది, పాతవి కిందికి పోతాయి. తెల్ల పెట్టెలో మొన్నటి ఫైలు పైన లేదు. కిందికి పోయాను. అన్నిటికంటే అడుగున ఉంది. పక్కన తారీఖు. నలభై ఏడు, జూన్ పదమూడు.

అక్షరాలైతే దాటేసేవాణ్ణి. అంకెలు నాకు వచ్చు.

ఈ లెక్క చంద్రుణ్ణి పెట్టె గడియారాన్ని బట్టి తీసుకుంటుంది. గడియారం యాభై ఏళ్ళ వెనక ఉంటే యాభై ఏళ్ళ నాటి చంద్రుణ్ణి తెస్తుంది. ఆనాడు అమావాస్య కాదు, పున్నమి కాదు. ఏడడుగులు అందుకే. పరీక్షల్లో తారీఖు ముందే రాసి ఉంటుంది, అందుకే నలభైకి నలభై. ఇస్సాకు చెప్పబోయిన ఇంకో పని గడియారం మళ్ళీ ముందుకి తిప్పడం.

ఏమీ అనిపించలేదు. చేతులు తుడుచుకున్నాను. గడియారం సరిచేసి, లెక్క మళ్ళీ మొదలుపెట్టి, పైకెళ్ళి గుడ్డ కట్టాను. దిగి ఫర్జానా ఇంటికి వెళ్ళాను. ఆమె ఆరేసిన బట్టలు తీస్తోంది, గాలికి.

"గడియారం వెనక్కి ఉంది" అన్నాను.

ఆమెకి వెంటనే అర్థమైంది. బట్టలు చేతిలోనే ఉన్నాయి. "మళ్ళీ వేశావా?"

"ఇప్పుడే."

"పందొమ్మిది గంటలు. రేపు పొద్దున పదికి వస్తది. పోటు పదకొండుకి. పడవలకే అయిదు గంటలు కావాలి తాతా. రేపు ఈ గాలికి పడవలసలు కదుల్తాయా?"

"కదలవు. ఇప్పుడే కదలాలి."

"మూడు చీటీలు లేకుండా వాళ్ళు రారు."

"రారు."

"సంచి పెట్టినా పందొమ్మిది గంటలే" అంది. నేను ఆమె బల్ల మీద ఉన్న కాగితం చించి, తెల్లది, పది అడుగుల ఆరంగుళాలు అని రాశాను. నా సంతకం పెట్టాను. ఆమె వెనక్కి తిరిగి బట్టలు మడతపెడుతోంది.

"నేను చూడలేదు తాతా."

"చూడొద్దు."

మాణిక్యమ్మ ఇంటి వరండాలో చీటీ ఇచ్చాను. ఆమె చీటీ చూసి నన్ను చూసింది.

"మొన్ననేగా ఛాతీ చరుచుకున్నావు?"

"చరిచా. తప్పు నాది. గడియారం తిప్పడం మర్చిపోయా. సరిచేసి మళ్ళీ వేశా. ఇదీ జవాబు."

"అందరి ముందూ చెప్తావా, నీ తప్పేనని?"

"మైకులో చెప్తా."

చెప్పాను. నా పేరు చెప్పి, నా తప్పని చెప్పి, మూడూ కలిశాయని చెప్పాను. అందులో రెండు నిజాలు. అయిదింటికి సైరన్ మోగింది.

పల్లపాలెం కదిలింది. పదహారు పడవలు తిరిగాయి. మేకలు, విత్తనాల మూటలు, పిల్లలు. రాత్రి ఎనిమిదింటికి పడవవాడు వచ్చి, "ఇస్సాకు రానంటన్నాడు, కోటేశ్వరి ఎంత చెప్పినా మంచం దిగట్లేదు" అన్నాడు. నేను ఆ పడవలోనే వెళ్ళాను.

కోటేశ్వరి కట్ట దగ్గర ఆఖరి పడవలో మూటల మధ్య కూర్చుని ఉంది. "నీ స్నేహితుడు, నువ్వే తెచ్చుకో" అంది.

వాడు చీకటి ఇంట్లో మంచం మీద అలాగే కూర్చుని ఉన్నాడు.

"పద" అన్నాను.

"ఎర్రగుడ్డ మూడింటికి కట్టారని కోటేశ్వరి చెప్పింది. రోజూ అడుగుతా దాన్ని. అయిదింటికి సైరన్ మోగింది. పందొమ్మిది గంటల లెక్క రెండు గంటల్లో ఎట్టా తేలిందిరా?"

బయట గాలికి తాటాకులు కొట్టుకుంటున్నాయి. అబద్ధం చెప్పొచ్చు. ఇంకెవరికైనా చెప్పేవాణ్ణి.

"తేలలేదు. చీటీ నేనే రాశా."

"గడియారం తిప్పలేదు గదా?"

"లేదు."

"చెప్పేలోపు లేచిపోయావు."

"లేచిపోయా."

వాడు కాళ్ళు నిమురుకున్నాడు. "అయితే రెండు పెట్టెలే. రెండు పెట్టెల మాట మీద నేను కదలను. ఆ నియమం నేను రాయించా. నా ఒక్కడి కోసం దాన్ని తప్పను."

"సరే" అని నేల మీద కూర్చున్నాను.

"ఏం చేస్తన్నావు?"

"కూర్చున్నా."

"నీళ్ళొస్తే పోతావు."

"అవును."

"బెదిరిస్తన్నావా?"

"లేదు. నడిచొచ్చి అలిసిపోయా. లేచే ఓపిక లేదు."

నిజంగానే లేదు. చావంటే భయమో, బతకాలనో ఏమీ లేదు. నేల చల్లగా ఉంది. అంతే తెలిసింది. కట్ట దగ్గర నుంచి కోటేశ్వరి కేకేసింది. మళ్ళీ కేకేసింది. మేము వెళ్ళకపోతే ఆ పడవ కదలదని అప్పుడు తెలిసింది. వాడికీ తెలిసినట్టుంది.

"పుస్తకంలో రాస్తావా?" అన్నాడు.

"ఏంది?"

"చీటీ నువ్వే రాశావని."

"రాస్తా."

"రాసి, ఈ ఊళ్ళో నిలబడి చదువుతావా? కూడబలుక్కునైనా సరే. వీళ్ళు దేని మీద కదిలారో వీళ్ళకి తెలియాలి."

"చదువుతా."

"అయితే లేపు."

వీపు మీద ఎక్కించుకున్నాను. బరువు లేడు. కాళ్ళు మాత్రం నా తొడలకి కొట్టుకున్నాయి.

అమావాస్య

పొద్దున పదికి తెల్ల పెట్టె జవాబిచ్చింది. గడియారం సరిగ్గా ఉంది. రెండుసార్లు చూశాను. ఫర్జానా పక్కనే ఉంది. ఆమె చదివింది.

ఎనిమిది అడుగుల పదంగుళాలు.

పల్లపాలెం కట్ట కంటే రెండంగుళాలు తక్కువ. మిగతా రెంటితో కలవదు. నిజం చీటీ ఇచ్చి ఉంటే సైరన్ మోగేది కాదు.

"ఎందుకొచ్చింది తాతా ఇట్టా?"

"తెలీదు. నా ఎక్కింపులో ఉండొచ్చు. నీ లెక్కలో ఉండొచ్చు. పెట్టె జాతిలోనే ఉండొచ్చు."

పదకొండు దాటాక నీళ్ళు వచ్చాయి. గట్టు మీద నుంచి చూశాం. మొదట కట్ట మీద తెల్లని గీత. తరవాత కట్ట కనపడలేదు. గంటలో ఇళ్ళ కప్పులు మిగిలాయి. తరవాత కొన్ని కప్పులు. జనం ఏడుస్తారనుకున్నాను. ఎవరూ ఏడవలేదు, పేర్లు పెట్టి లెక్కపెట్టారు, అది ఫలానా వాళ్ళ ఇల్లు, అది ఫలానా వాళ్ళది అని. ఇస్సాకు గోనె మీద కూర్చుని, "ఎంత?" అన్నాడు.

కొలత స్తంభం చూసి చెప్పాను. "పది అడుగుల రెండంగుళాలు."

"తెల్లదేమంది?"

"ఎనిమిది పది."

వాడు తల ఊపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు.

మనుషులు ఎవరూ పోలేదు. మేకలు నాలుగు.

మార్గశిర శుద్ధ పాడ్యమి

పుస్తకం తీసుకెళ్ళి మాణిక్యమ్మ ముందు పెట్టాను. చతుర్దశి నాటిది చదివింది. అమావాస్య నాటిది చదివింది. తలుపు వేసి వచ్చింది.

"ఈ రెండు పేజీలూ చింపెయ్."

"చింపను."

"వాళ్ళంతా బతికారు. నిన్ను పొగుడుతున్నారు బయట. ఇది బయటపడితే ఈసారి సైరన్ మోగినా ఎవరు కదుల్తారో చెప్పు."

"తెలీదు."

"తెలీదంటే ఎట్టా! అప్పుడు ఇద్దరు పోతేనే తొమ్మిదేళ్ళు మన మాట నమ్మలా. చీటీ మనమే రాశామంటే ఇంక ఏ చీటీ నమ్ముతారు?"

"నమ్మకపోవచ్చు. ఇస్సాకుకి మాటిచ్చా."

"నిన్ను తీసెయ్యాల్సొస్తది."

"తీసెయ్."

"మూడు పెట్టెలకీ ఫర్జానా సంచి పెట్టిస్తా. ఎప్పుడూ కలుస్తాయి. గొడవుండదు."

"పెట్టించు. అది పెట్టించిన సంగతి కూడా పల్లపాలెం వాళ్ళకి చెప్పి పెట్టించు."

ఆమె కొట్టు తాళంచెవి అడిగింది. ఇచ్చాను. బియ్యం డబ్బా ఎక్కడుందో చెప్పాను. ఈ పుస్తకం మాత్రం ఒక్క రోజుకి నా దగ్గరే ఉంచమన్నాను. ఔననలేదు, కాదనలేదు. తీసుకొచ్చేశాను.

విదియ

నీళ్ళు తీశాయి. పల్లపాలెంలో మోకాలి లోతు బురద. ఇరవై ఆరు ఇళ్ళకి గోడలు లేవు. జనం అప్పుడే పారలు పట్టుకుని ఉన్నారు. ఇస్సాకుని పడవలోనే కూర్చోబెట్టి, కోటేశ్వరి ఇంటి ముందు ఎత్తు మీద నిలబడి చదివాను. నేను రాసిందే అయినా కూడబలుక్కున్నాను. కొన్ని మాటల దగ్గర ఆగిపోతే పడవలోంచి ఇస్సాకు, "ఊఁ, తరవాత" అన్నాడు.

చదవడం అయిపోయింది. ఒకడు ఉమ్మేసి వెళ్ళాడు. ఒక ముసలామె దండం పెట్టింది. వద్దన్నాను. ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళారు. కోటేశ్వరి పార మీద చేతులు ఆనించి నిలబడింది.

"అయితే మూడూ కలవలా."

"కలవలా."

"తెల్లదాని నిజం చీటీ వచ్చుంటే మేమిక్కడే ఉండేవాళ్ళం."

"ఉండేవాళ్ళు."

"పెట్టెలు చెప్పకపోయినా నేను చెప్తన్నా, పదండి అని నువ్వే వచ్చి మమ్మల్ని అడగొచ్చుగా బాబాయ్?"

"అడిగితే కదిలేవాళ్ళు కాదు."

ఆమె నిజంగా ఆలోచించింది. బురదలోకి చూస్తూ.

"నిజమే" అంది. "నీ మాట మీద అసలే కదిలేవాళ్ళం కాదు. మా అత్త పోయినాక."

పారతో బురద ఎత్తి, నావైపు చూసింది.

"తట్ట పట్టు."

పట్టాను.